తరగతి గదిలో చేపల తొట్టి

గ్రామ పాఠశాలకు ఏమి సమకూర్చవలెనను ప్రశ్న పంచాయతీ సమావేశములో వచ్చినపుడు ప్రహరీ గోడ, త్రాగునీటి కుళాయి, మరుగుదొడ్లు, బల్లలు మొదట జ్ఞప్తికి వచ్చుట సహజము. అవి లేనిచోట మరియొక దానిని గూర్చి మాటలాడుట పొసగదు. కాని అవి అమరిన కొన్ని గ్రామములలో ప్రధానోపాధ్యాయులు తరగతి గదికి ఒక చిన్న చేపల తొట్టి కావలెనని కూడ అడుగుచుందురు. అడిగినది పెద్ద మొత్తము కాదు గనుక సభ్యులు అభ్యంతరము చెప్పరు. పట్టణమునుండి తొట్టి వచ్చును. అదే బండిలో రంగురంగుల చేపలును వచ్చును. సర్పంచిగారు ప్రారంభోత్సవము చేయుదురు. పిల్లలు చప్పట్లు కొట్టుదురు. రెండు మూడు వారములు గడచుసరికి చేపలు ఒక్కటొక్కటిగా చచ్చి తేలును. దసరా సెలవుల నాటికి ఆ తొట్టి విరిగిన గ్లోబు ప్రక్కన, పాత రిజిస్టర్ల నడుమ మూల చేరును.

ఈ కథ మేము ఒకటి కంటె ఎక్కువ గ్రామములలో వింటిమి. చేపలు చచ్చుటకు డబ్బు చాలకపోవుట కారణము కాదు. ఉపాధ్యాయుల అశ్రద్ధయు కాదు. పెక్కుచోట్ల శ్రద్ధ మితిమీరుటయే కారణము. గోదావరి డెల్టాలోని ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో మేము చూచినది ఇందుకు మంచి నిదర్శనము. అచ్చట శనివారము వచ్చినచో చాలు, పెద్ద తరగతి బాలురు చేపలను బకెట్టులోనికి తీసి, తొట్టిని బోర్లించి, ఇసుకను, రాళ్ళను గిన్నెలు తోము సబ్బుపొడితో రుద్ది, అద్దములు తళతళలాడునట్లు చేసి, బోరునీరు పట్టి మరల నింపుచుండిరి. వారి పరిశుభ్రతను మెచ్చుకొననివారు లేరు. అయినను మూడు పర్యాయములు తెచ్చిన చేపలు మూడు పర్యాయములును చచ్చినవి. దుకాణదారుడు మోసగించెనని కొందరనిరి. తొట్టికి దిష్టి తగిలినదని మరికొందరు నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టిరి. నిమ్మకాయ ఎండినది గాని చేపలు నిలువలేదు. తుదకు ఏడవ తరగతి బాలిక యొకతె తన నోటు పుస్తకము తెచ్చి ఉపాధ్యాయునకు చూపినది. చేప చచ్చిన ప్రతి రోజును ఆమె అందులో వ్రాసి యుంచినది. అన్నియు మంగళవారములు, బుధవారములే. తొట్టి కడిగిన మూడవ, నాలుగవ దినములు! ఆ లెక్క చూచిన పిదప ఉపాధ్యాయుడు కడుగుట మాన్పించెను. నాలుగవసారి తెచ్చిన చేపలు బ్రతికినవి.

కడిగిన తొట్టిలో చేప ఏల చచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో తొట్టి పెట్టు విధానమంతయు తెలిసినట్లే. కావున దీనిని కొంత విపులముగా చెప్పుచున్నాము.

చేప తాను తిన్న ఆహారములోని మాంసకృత్తుల వ్యర్థమును ముఖ్యముగా మొప్పల ద్వారా అమోనియా రూపమున నీటిలోనికి విడుచును. మిగిలిన మేత, రాలిన ఆకు కుళ్ళినను అమోనియాయే పుట్టును. ఇది చేపకు విషము. మొప్పలను కాల్చివేసి ఊపిరి సలుపనీయదు. చెరువులోనైనచో నీరు విస్తారము గనుక అంతగా తెలియదు. తొట్టిలో నీరు నాలుగు బిందెలకు మించదు. అయినను కొన్ని తొట్లలో చేపలు ఏండ్ల తరబడి సుఖముగా నుండుటకు కారణము కంటికి కనబడని సూక్ష్మజీవులు. ఇసుక రేణువులపైన, రాళ్ళపైన, ఆకులపైన జిగురుపొరవలె అంటుకొని నివసించు ఈ జీవులలో ఒక జాతి అమోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు వలన కొద్ది మోతాదులో హాని లేదు. పైపెచ్చు అది మొక్కలకు ఎరువు. పొలములో రైతు చల్లు నత్రజని ఎరువు పైరునకు అందుటలో పనిచేయునవియు ఈ కోవకు చెందిన జీవులే. సబ్బుపొడితో ఇసుక కడుగుట యనగా ఈ పనివారినందరిని ఒక్కసారిగా చంపి వేయుటయే. తిరిగి వారు పెరుగుటకు వారములు పట్టును. ఈలోపల విషము పేరుకొని మూడవ దినమున చేప ప్రాణము తీయును. క్రొత్త తొట్టిలో చేపలు చచ్చుటకును ఇదియే కారణము. అందు పనివారింకను పుట్టియే యుండరు.

ఈ సంగతి పెద్దలకును చాలకాలము తెలియలేదు. రాబర్ట్ వారింగ్టన్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు 1850లో లండనులోని కెమికల్ సొసైటీకి తన తొట్టిని గూర్చి ఒక వ్యాసము సమర్పించెను. రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటి మొక్కను ఆయన ఒక పాత్రలో నుంచెను. మొక్క ఆమ్లజనిని ఇచ్చుచు, చేప విడుచు బొగ్గుపులుసు గాలిని గ్రహించుచుండెను. కొన్నాళ్ళకు ముదిరిన ఆకులు కుళ్ళి నీరు మురికి కాగా, ఆయన అందు నత్తలను వేసెను. అవి కుళ్ళిన ఆకును తిని నీటిని తేరునట్లు చేసినవి. చేప, మొక్క, నత్త ఈ మూటి పొత్తును ఆయన చక్కగా గ్రహించెను. కాని నాలుగవ భాగస్థుడొకడు ఇసుకలో దాగియున్నాడని ఆయనకు తెలియదు. నత్రజనిని మార్చు సూక్ష్మజీవులను వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపినది 1890 ప్రాంతమున.

ఇక తొట్టి మాట. గుండ్రని గాజు కుండలు చూచుటకు ముచ్చటగా నుండును గాని పాఠశాలకు పనికిరావు. నీరు తక్కువ, గాలి సోకు పైభాగము ఇరుకు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 38 ఎత్తుగల చదరపు తొట్టి తరగతికి చాలును. అద్దము మందము 6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అందు 35 సెంటీమీటర్ల ఎత్తువరకు నీరు పోసినచో ఎన్ని లీటర్లగునో అయిదవ తరగతి పిల్లలు లెక్క కట్టగలరు. 63 లీటర్లు. ఇసుక, రాళ్ళు ఆక్రమించు చోటు పోగా ఇంచుమించు 55 లీటర్ల నీరుండును. నీరు, ఇసుక, అద్దము కలిసి తొట్టి బరువు సుమారు 85 కిలోలగును. ఉపాధ్యాయుని బల్లమీద పెట్టుదమనుకొనువారు ఈ బరువును గుర్తుంచుకొనవలెను. రెండు ఇటుక దిమ్మెలు కట్టి, వాటిపై కడప బండ పరచి, దానిపై పలుచని థర్మోకోలు రేకు వేసి తొట్టిని పెట్టినచో కదలదు, అడుగు అద్దము చిట్లదు. తొట్టిని నీటితో నింపిన తరువాత ఎట్టి పరిస్థితిలోను ఎత్తి జరుపరాదు. క్రొత్త తొట్టిని రెండు రోజులు వరండాలో నీరు నింపి యుంచి, చెమ్మ కారుట లేదని తేలిన తరువాతనే లోనికి తేవలెను.

చోటు ఎన్నుకొనుటలోను కొంత ఆలోచన కావలెను. కిటికీలోనుండి ఎండ నేరుగ పడుచోట పెట్టినచో పది దినములలో నీరు పచ్చబడును, వేసవిలో కాగును. వేడెక్కిన నీటిలో ఆమ్లజని తక్కువగా ఇముడును. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో 9 మిల్లీగ్రాములకు పైగా కరగు ఆమ్లజని, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు తగ్గిపోవును. నల్లబల్ల ప్రక్కన పెట్టినచో సుద్దపొడి పడును. వెలుతురు వచ్చుచు ఎండ తగులని గోడప్రక్క, పసిపిల్లలు నిలుచుండి చూడదగిన ఎత్తున ఉండుట మేలు. పైన అద్దపు మూత తప్పక ఉండవలెను. మూత లేనిచో చేపలు బయటకు దూకును. మూతకును తొట్టికిని నడుమ గాలి పోవు సందు విడువవలెను.

ఇసుక ఏటి ఇసుకయే కావలెను. సముద్రపు ఇసుకలో ఉప్పును, గవ్వల సున్నమును ఉండును. ముతక ఇసుకను జల్లించి, నీరు తేటగా వచ్చువరకు పది పండ్రెండు మారులు కడుగవలెను. సబ్బు ఇప్పుడును వాడరాదు. వెనుక ఆరేడు, ముందు మూడు నాలుగు సెంటీమీటర్ల మందమున వాలుగా పరచినచో మురికి ముందువైపునకు జారి తీయుటకు వీలగును. ఇందుకు సుమారు 14 కిలోల ఇసుక పట్టును. అలంకారమునకు రెండు మూడు రాళ్ళు పెట్టవచ్చును. రాతిపై నిమ్మరసము రెండు చుక్కలు పిండి చూడవలెను. బుసబుస పొంగినచో అది సున్నపు రాయి, నీటిని మార్చివేయును గనుక పనికిరాదు. ఈ పరీక్షను పిల్లల చేతనే చేయింపవచ్చును.

నీటి విషయమున పంచాయతీ సభ్యులకు ప్రత్యేకముగా చెప్పవలసినది కలదు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిలో బ్లీచింగు పౌడరు కలుపుట ప్రజారోగ్యమునకు అత్యవసరము. కాని మనుష్యులకు మేలుచేయు ఆ క్లోరిన్ చేపల మొప్పలను, పైన చెప్పిన సూక్ష్మజీవులను కూడ చంపును. కుళాయి నీటిని వెడల్పయిన గంగాళములలో పట్టి, మూత లేకుండ ఒక పూర్తి దినము ఎండలో నుంచినచో క్లోరిన్ ఎగిరిపోవును. ట్యాంకు కడిగి బ్లీచింగు ఎక్కువగా వేసిన దినమున పంపు ఆపరేటరు పాఠశాలకు ఒక మాట చెప్పి పంపుట మంచిది. ఆనాటి నీరు తొట్టికి పట్టకుందురు. బోరునీటికి బ్లీచింగు బెడద లేదు గాని భూగర్భమునుండి వచ్చినది గనుక అందు ఆమ్లజని తక్కువ. దానినికూడ ఒకనాడు నిలువయుంచి, ఎత్తునుండి రెండు మూడు మారులు ఈ బకెట్టునుండి ఆ బకెట్టులోనికి పోసి వాడవలెను. తొట్టిలో నీరు పోయునపుడు ఇసుకపై ఒక పళ్ళెము పెట్టి దానిపై పోసినచో ఇసుక కదలదు.

బ్లీచింగు వంటిదే మరియొకటి. దోమల పొగ గ్రామములో వదలునాడు తరగతి గది కిటికీలు మూసి, తొట్టిని తడిగుడ్డతో కప్పి, గాలి పంపు ఉన్నచో దానిని ఆపవలెను. దోమలను చంపు ఆ మందులు చేపలకు అంతకంటె చెరుపు. గదికి సున్నము వేయించునపుడును ఇట్టి జాగ్రత్తయే పడవలెను.

మొక్కలను కొనవలసిన పని లేదు. కాలువలో, చెరువులో పెరుగు హైడ్రిల్లా నాచు, పట్టీల వంటి ఆకులుగల వాలిస్నేరియా మన ప్రాంతములో సమృద్ధిగా దొరకును. తెచ్చిన మొక్కలను పొటాషియం పర్మాంగనేటు లేత గులాబి రంగుగా కలిపిన నీటిలో పది నిమిషములుంచి, మంచినీట కడిగి నాటవలెను. ఇట్లు చేయనిచో జలగలు, నీటి పురుగులు, తూనీగ పిల్లలు వెంట వచ్చును. తూనీగ పిల్ల చేపపిల్లలను పట్టి తినును. వెనుక వరుసలో ఒత్తుగా మొక్కలు, ముందు ఖాళీ స్థలము ఉంచినచో పిల్లలకు చేపలు కనబడును, చేపలకు దాగు చోటు దొరకును. నాలుగయిదు నత్తలు వేయుట వారింగ్టన్ నాటినుండి ఉన్న ఆచారమే.

నీరు, ఇసుక, మొక్కలు అమరినవి. తొట్టి అందముగా నున్నది. ఇచ్చటనే తొందరపాటు జరుగును. ప్రారంభోత్సవమునకు ముహూర్తము పెట్టుకొని, ఆనాటికి చేపలుండి తీరవలెనని పెద్దలు పట్టుబట్టుదురు. మా మనవి యేమనగా, ప్రారంభోత్సవము చేయదలచినచో మొక్కల తొట్టికే చేయవలెను, లేదా నెల దినములు వాయిదా వేయవలెను. ఈ నెలలో రోజు మార్చి రోజు చిటికెడు చేపల మేత వేయుచుండవలెను. మేత కుళ్ళి అమోనియా పుట్టును. దానిని తిను సూక్ష్మజీవులు వృద్ధి పొందును. బాగుగా నడచుచున్న వేరొక తొట్టినుండి గుప్పెడు ఇసుక తెచ్చి కలిపినచో పని త్వరగా సాగును. పాలకు తోడువేసినట్లే ఇది. మన వెచ్చని వాతావరణములో మూడు నాలుగు వారములలో తొట్టి సిద్ధమగును. నీటిలోని అమోనియాను, నైట్రైటును చూపు పరీక్ష మందులు చేపల దుకాణములలో దొరకును. ఉన్నత పాఠశాల విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల వద్ద ఉన్నచో అడిగి తెచ్చుకొనవచ్చును. ఆ రెండును శూన్యమని తేలినప్పుడు చేపలను వదలవచ్చును.

అపుడును మూడింటితో ప్రారంభించి, రెండు వారములాగి మరి మూడు వేయవలెను. ఈ పరిమాణపు తొట్టిలో మూడు నాలుగు సెంటీమీటర్ల చిన్న చేపలు పదికి మించరాదు. గాలి పంపు లేనిచో ఆరే చాలును. మన గ్రామములలో కరెంటు ఎప్పుడు పోవునో, పోయినది ఎప్పుడు వచ్చునో ఎవరు చెప్పగలరు? కావున పంపుపై ఆధారపడక, మొక్కలు హెచ్చుగా, చేపలు తక్కువగా ఉండు తొట్టియే పల్లెకు తగినది. పంపు పెట్టినచో దానిని నీటిమట్టము కంటె ఎత్తున ఉంచవలెను. లేనిచో కరెంటు పోయినపుడు నీరు గొట్టము గుండ పంపులోనికి వెనుకకు వచ్చును. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు ప్లగ్గు తీయవలెనని పిల్లలకు మొదటి దినముననే నేర్పవలెను.

ఏ చేపలు? జీబ్రా చేప మా మొదటి సలహా. ఒంటి పొడవున అడ్డముగా సాగు నీలపు చారలతో మెరయు ఈ చిన్న చేప మన దేశపుదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రకటించిన గంగానది చేపల గ్రంథములో దీనిని మొదట వర్ణించెను. నేడు ప్రపంచములోని అనేక ప్రయోగశాలలలో జీవశాస్త్ర పరిశోధనలకు దీనినే వాడుచున్నారు. తరువాత గప్పీ. ఇది గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును గనుక తరగతికి గొప్ప ఆకర్షణ. అయితే నెలకొకసారి పిల్లలను కనుచు, తల్లియే వాటిని తినుచు ఉండును. నాచు ఒత్తుగా నున్నచో కొన్ని మిగులును. సంతతి వలదనుకొన్నచో రంగు తోకల మగవాటినే తేవలెను. చెరువులోని చిన్న పరిగెలును తొట్టిలో చక్కగా బ్రతుకును. బంగారు చేప పిల్లగా నున్నపుడు ముద్దుగా నుండును గాని జానెడు పెరిగి తొట్టిని మురికి చేయును. ఎవరైన బాలుడు కాలువలో పట్టిన కొర్రమీను పిల్లను ప్రేమతో తెచ్చి వేసినచో తెల్లవారుసరికి అదియొక్కటే మిగులును. తాబేటిని తెచ్చుటయు కలదు. చెరువు తాబేటిని పట్టి ఉంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరమని పిల్లలకు తెలుపవలెను.

చేపలు తెచ్చిన సంచిని విప్పక ఇరువది నిమిషములు తొట్టి నీటిపై తేలనిచ్చి, వేడిమి సమమైన పిదప తొట్టి నీటిని కొద్దికొద్దిగా సంచిలో పోసి, చేపలను వలతో తీసి వదలవలెను. సంచిలోని నీటిని తొట్టిలో పోయరాదు.

తొట్టి నడచుటలో రెండు ప్రమాదములు కలవు. ఒకటి పైన చెప్పిన శుభ్రత. రెండవది దయ. మధ్యాహ్న భోజనమైన తరువాత ప్రతి బాలుడును తన పళ్ళెములోని నాలుగు మెతుకులు చేపలకు వేయగోరును. అరువది మంది పిల్లల నాలుగేసి మెతుకులు ఎన్నియో లెక్కించిన యెడల ఆ నీటి గతి యేమగునో తెలియును. మేత రోజునకొకసారి, రెండు మూడు నిమిషములలో చేపలు తిని ముగించునంతయే వేయవలెను. ఇందుకు వారమున కొక జట్టును నియమించి, మేత డబ్బా ఉపాధ్యాయుని బీరువాలో నుంచవలెను. ఆదివారము పస్తు పెట్టినను చేపకు హాని లేదు. ఆరోగ్యముగానున్న చేప వారము దినములు మేత లేకున్నను నిలుచును.

శుభ్రపరచుట యనగా వారమునకొకసారి ఒక పలుచని గొట్టముతో అడుగునున్న మురికిని, అయిదవ వంతు నీటిని పీల్చి తీసివేసి, నిలువయుంచిన నీటిని అంత మేర పోయుట మాత్రమే. సుమారు పదకొండు లీటర్లు. ఆవిరియైన నీటికి బదులు నీరు పోసిన చాలదా యని అడుగవచ్చును. చాలదు. నీరు ఆవిరియగును గాని లవణములు అడుగుననే మిగులును. తీసిన నీటిని పారబోయక బడితోటలోని వంగ, బెండ మొక్కలకు పోయవలెను. నైట్రేటు పైరుకు ఎరువని పిల్లలు కంటితో చూతురు.

చేపల తొట్టి ఆటవస్తువు కాదా, దీనికి పంచాయతీ నిధులేల యని కొందరు సభ్యులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మా సమాధానము దోమలతో ప్రారంభమగును. మలేరియా పరాన్నజీవి దోమ కడుపులో పెరుగుచున్నదని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము వచ్చినది. ఇన్నేండ్లయినను పెరటి తొట్టిలో, పాత టైరులో, కొబ్బరి చిప్పలో నిలిచిన నీటిని పారబోయుమని ఇంటింట చెప్పుచునే యున్నాము. చెప్పినది తలకెక్కుట లేదు. చూచినది ఎక్కును. రెండు గాజు సీసాలు తీసికొని, ఒక్కొక్కదానిలో ఇరువది దోమ పిల్లపురుగులను వేసి, ఒకదానిలో మాత్రము ఒక చేపను విడిచి, గంటకొకసారి పిల్లల చేత లెక్కింపవలెను. నీటిపైన తలక్రిందుగా ఏటవాలున వ్రేలాడునవి డెంగీ, బోదకాలు దోమల జాతులవి. నీటిమట్టముతో సమానముగా పడుకొనునవి మలేరియా దోమ జాతివి. చేప లేని సీసాపై గుడ్డ కట్టి యుంచినచో కొలది దినములలోనే దోమలు పుట్టుట కనబడును. పురుగునుండి దోమ పుట్టుట చూచిన బాలుడు ఆ సాయంత్రమే ఇంటి వెనుక తొట్టిని బోర్లించును. అతని తల్లికి మనము కరపత్రము పంచవలసిన పని యుండదు. ప్రయోగము ముగిసిన పిదప సీసా నీటిని పొడినేలపై పారబోయవలెను.

చెరువు సంగతియు ఇట్లే తెలియును. వేసవి ముసురులో తెల్లవారుజామున చెరువు చేపలు పైకి తేలి నోళ్ళు తెరచుట, కొన్ని చచ్చుట కొల్లేరు ప్రాంతపు చేపల రైతులకు బాగుగా ఎరుక. ఎవరో విషము కలిపిరని గ్రామములలో తగవులు వచ్చుటయు కద్దు. నాచు పగటివేళ ఆమ్లజనిని ఇచ్చును. రాత్రి తానును దానిని వాడుకొనును. తెల్లవారుసరికి నీటిలో ఆమ్లజని కనిష్ఠమగును. ఎండలో హైడ్రిల్లా ఆకులనుండి బుడగలు లేచుట, సాయంత్రమునకు ఆగిపోవుట తొట్టిలో చూచిన పిల్లవాడు పెద్దవాడై పంచాయతీలో కూర్చుండినపుడు చెరువు తగవును వేరుగ విచారించును.

చెరువు మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. ఈ వ్యాసములో దేనినైన మరచినను దీనిని మరువరాదని ప్రార్థన. తొట్టిలో ఎక్కువైన చేపలను, విసుగు పుట్టిన చేపలను ఎట్టి పరిస్థితిలోను గ్రామ చెరువులోగాని, కాలువలోగాని విడువరాదు. అద్దము మీది నాచును నాకి శుభ్రము చేయునని దుకాణములలో అమ్ము సక్కర్ చేప దక్షిణ అమెరికాది. పిల్లగా నున్నపుడు వ్రేలెడు. పెరిగిన పిదప మూరెడు. ఒళ్ళంతయు గట్టి పెంకులు, ముండ్లు. దానిని తిను చేప లేదు, కొను మనిషి లేడు. ఇట్టివి తొట్లనుండి బయటపడి నేడు తెలుగునాట నదులలోను చెరువులలోను వ్యాపించి, మత్స్యకారుల వలలను చించుచున్నవి. వలలో పడినది దయ్యపు చేప యని వారు ఒడ్డున పారవేయుచున్నారు. దోమల నివారణకని 1928లో మన దేశమునకు తెచ్చిన గంబూసియా చేప స్థానికపు చిన్న చేపల గ్రుడ్లను, పిల్లలను తినుటయు అనుభవమునకు వచ్చినది. ఆఫ్రికా మార్పు చేప పెంపకమును కేంద్ర ప్రభుత్వము 2000లో నిషేధింపవలసి వచ్చినది. చెరువును వేలము పాడుకొన్న మత్స్యకార సంఘము నష్టపడినచో ఆ నష్టము చివరకు పంచాయతీ ఆదాయమునకే తగులును. సక్కర్ చేపను తొట్టికి కొననే కూడదు. హెచ్చిన గప్పీలను ప్రక్క ఊరి పాఠశాలకు ఇయ్యవచ్చును, దుకాణమునకు తిరిగి ఇయ్యవచ్చును. పాత మొక్కలను ఎండబెట్టి ఎరువుకుప్పలో వేయవలెను.

ఇక మిగిలినది సెలవుల విషయము. దసరా, సంక్రాంతి సెలవులలో వారమున కొకసారి ఎవరైన వచ్చి చూచిన సరిపోవును. వేసవి సెలవులు అట్లు కాదు. ఏప్రిల్ చివరినుండి జూన్ రెండవ వారము వరకు మూసియున్న గదిలో నీరు తగ్గిపోవును, వేడెక్కును. తొట్టిని ఎత్తి జరుపరాదని ముందే చెప్పితిమి. కావున గది తాళముచెవి ఒకటి ఊరనుండు మనిషి వద్ద నుండవలెను. ఆ మనిషి పేరు, నీరు పోయవలసిన దినములు, మేత మోతాదు తొట్టి మంజూరు చేయు తీర్మానములోనే వ్రాయించుట మేలు. మేతను వారము వారమునకు చిన్న పొట్లములుగా కట్టి ఇచ్చినచో పొరపాటుకు తావుండదు. మేము చెప్పిన ఆ డెల్టా పాఠశాలలో తాళముచెవి వంటమనిషివద్ద నున్నది. నోటు పుస్తకము మాత్రము ఇప్పుడు ఎనిమిదవ తరగతికి పోయిన ఆ బాలిక చెల్లెలి వద్ద నున్నది.